పిల్లల అంటురోగాల డాక్టరు కావాలంటే: నెల్లూరు, ప్రకాశం విద్యార్థులకు ఒక దారి

నేను పీజీ రెండో ఏడాదిలో ఉన్నప్పటి మాట. డిసెంబరు నెల. ఉదయగిరి కొండల దిగువ పల్లె నుంచి ఒకమ్మ ఏడేళ్ళ కొడుకును చంకనేసుకొని వచ్చింది. "తొమ్మిది దినాలుగా జరం సార్. టైఫాయిడ్ అన్నారు, సూదులేసినారు, దిగలా" అంటూ ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలు నా చేతిలో పెట్టింది. టైఫాయిడ్‌కు చేసే విడాల్ రక్తపరీక్ష రెండుసార్లు చేయించారు, రెండుసార్లూ పాజిటివ్. సెఫ్ట్రియాక్సోన్ ఆరు రోజులు పడింది. నేను ఆ కాగితాలన్నీ శ్రద్ధగా చదివి, అంతకంటే పెద్ద యాంటీబయాటిక్ ఒకటి కేసు షీటులో రాసిపెట్టాను.

సాయంత్రం రౌండ్స్‌కు వచ్చిన మా మేడమ్ కాగితాలు ముట్టుకోలేదు. పిల్లాడి చొక్కా, నిక్కరు తీయించారు. చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో చూశారు. చివరికి మొలతాడు పైకి జరిపారు. దాని కింద, సిగరెట్‌తో కాల్చినట్టు, చిన్న నల్లటి పెచ్చు. అది నొప్పి పుట్టదు కాబట్టి పిల్లాడు చెప్పలేదు. తల్లి చూడలేదు. నేనూ చూడలేదు. స్క్రబ్ టైఫస్! పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం, ఆ పెచ్చు దాని గుర్తు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండో రోజుకు పిల్లాడు లేచి కూర్చొని ఇడ్లీ అడిగాడు.

ఆ రోజు నుంచి నాకు వేరే సబ్జెక్టు మీద మనసు పోలేదు. మీలో ఎవరికైనా ఈ దారిలోకి రావాలని ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తొందరపడకూడదో, ఏది కాలేజీలో నేర్పరో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ఈ పని ఏమిటో తెలుసుకోండి

పిల్లల అంటురోగాల డాక్టరంటే జ్వరాల డాక్టరు అనుకుంటారు జనం. అది సగం నిజం. మిగతా సగం ఆసుపత్రి లోపల ఉంటుంది: నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉన్న బిడ్డకు రక్తంలో పట్టిన ఇన్ఫెక్షన్, క్యాన్సర్ మందులు పడుతున్న పిల్లకు ఊపిరితిత్తుల్లో పెరిగిన ఫంగస్, తల్లి నుంచి హెచ్ఐవీ సోకే ప్రమాదమున్న పసికందు, ఏడాదిలో నాలుగోసారి న్యుమోనియా వచ్చి అసలు రోగనిరోధక శక్తిలోనే లోపముందేమో అని అనుమానం కలిగించే పిల్లాడు. వీళ్ళను మీరు సొంతంగా చేర్చుకోవడం తక్కువ. వేరే డాక్టరు పిలిస్తే వెళ్ళి చూసి, ఏ సూక్ష్మజీవో తేల్చి, ఏ మందు ఎన్ని రోజులో చెప్పి, రోజూ వెనక్కి వచ్చి చూడటమే ఎక్కువ. చేతిలో ఎండోస్కోపు ఉండదు, క్యాథ్‌ల్యాబ్ ఉండదు. అడగడం, వెతకడం, ఆగడం, ఈ మూడే పనిముట్లు. పేరు బోర్డు మీద పెద్దగా కనబడాలని ఉన్నవాళ్ళకు ఇది నచ్చకపోవచ్చు. ఒక జ్వరం వెనక ఏముందో తేలేదాకా నిద్రపట్టని వాళ్ళకు మాత్రం ఇంతకంటే మంచి పని లేదు.

ఏళ్ళ లెక్క

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, దానిమీద ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఎండీ పీడియాట్రిక్స్ మూడేళ్ళు. ఆపైన సూపర్ స్పెషాలిటీ డీఎం మూడేళ్ళు. మొత్తం పదకొండున్నరేళ్ళు, మధ్యలో ప్రవేశపరీక్షలకు పోయే కాలం వేరే. ఇంటర్ అయిన వెంటనే సీటు దొరికినా చదువు ముగిసేసరికి వయసు ముప్పై దగ్గరపడుతుంది. ఊళ్ళో వాళ్ళు మీ నాన్నను "మీవాడు ఇంకా చదువుతానే ఉండాడా?" అని అడుగుతారు. ఈ లెక్క ఇంట్లో మొదటి రోజే చెప్పేయండి. పెళ్ళి, అప్పులు, చెల్లెలి చదువు అన్నీ ఈ లెక్కతో ముడిపడి ఉంటాయి కనుక, దాచి తర్వాత చెప్తే అందరికీ కష్టం.

ఇంటర్, నీట్

ఇక్కడ ఎక్కువసేపు ఆగను. నెల్లూరు, ఒంగోలు పిల్లలకు నీట్ కోచింగ్ గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. బైపీసీ తీసుకోండి. 720 మార్కుల్లో 360 జీవశాస్త్రానివే. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివిన వాళ్ళు సిగ్గుపడకుండా దాన్ని ఎంచుకోవచ్చు, కాకపోతే లోపలికి వెళ్ళాక పుస్తకాలన్నీ ఇంగ్లీషే కాబట్టి పదాలు రెండు భాషల్లోనూ రాసుకోవడం అలవాటు చేసుకోండి. ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు పోతాయి, మిగతావి రాష్ట్రంలోనే నిండుతాయి.

నెల్లూరులో ఏసీఎస్ఆర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ, నారాయణ మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఒంగోలులో ఇప్పటికీ చాలామంది రిమ్స్ అనే పిలిచే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. పేరున్న పాత కాలేజీలో సీటు రాలేదని బాధపడొద్దు. ఈ సబ్జెక్టుకు కావాల్సింది జబ్బులతో నిండిన వార్డు, అది మన దగ్గర ఉంది. పడమట నల్లమల, తూర్పున సముద్రం. మధ్యలో వరి, మిరప, పొగాకు, రొయ్యల గుంటలు. ఇన్ని రకాల బతుకులున్న చోట ఇన్ని రకాల జ్వరాలుంటాయి.

ఎంబీబీఎస్‌లో చేయాల్సినవి

రెండో ఏడాదిలో మైక్రోబయాలజీ వస్తుంది. చాలామంది దాన్ని బట్టీపట్టి పాసై మర్చిపోతారు. మీరు అలా చేయొద్దు. ప్రాక్టికల్ అయ్యాక కూడా ల్యాబ్‌లో అరగంట ఉండండి. సూక్ష్మజీవులకు రంగు పట్టించే గ్రామ్ స్టెయిన్ మీ చేత్తో మీరు వేసి, మీ కంటితో మీరు చూడండి, వంద స్లైడ్లు అయ్యేదాకా. రక్తంలోని క్రిమిని పెంచి చూడటానికి వార్డులో తీసిన ఒక బ్లడ్ కల్చర్ సీసాను ఎంచుకొని దాని వెంట నడవండి: ఎవరు తీశారు, ఎంత రక్తం పడింది, ల్యాబ్‌కు ఎన్ని గంటలకు చేరింది, ఎప్పుడు మిషన్ కూత పెట్టింది, ఏది పెరిగింది, ఆ కబురు వార్డుకు ఎంతసేపటికి అందింది, అందాక మందు మారిందా లేదా. ఒక్క సీసా వెంట ఇలా నడిస్తే ఆసుపత్రి ఎక్కడ కుంటుతోందో మీకు తెలిసిపోతుంది.

కమ్యూనిటీ మెడిసిన్‌ను చులకనగా చూడకండి. కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని చదువు పూర్తయ్యేదాకా వాళ్ళింటికి వెళ్ళి రావాలని ఇప్పుడు నిబంధన ఉంది. సంతకం కోసం పోకండి. నీళ్ళు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉందా, బిడ్డ టీకా కార్డు ఎక్కడ దాచారు, జ్వరమొస్తే మొదట ఎవరి దగ్గరికి పోతారు, ఇవన్నీ అడగండి. నేను చదివే రోజుల్లో ఒక యానాది కాలనీకి వెళ్ళేవాడిని. ఆ ఇళ్ళల్లో టీకా కార్డులు ఎందుకు చినిగిపోతాయో, పని వెతుక్కుంటూ కుటుంబం కదిలిపోతే రెండో డోసు ఎందుకు తప్పుతుందో నాకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. ఆ అక్కలే చెప్పారు.

పరిశోధన రుచి చూడాలంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. ఎంబీబీఎస్ విద్యార్థి రెండు నెలలు ఒక గైడు కింద చిన్న అధ్యయనం చేయొచ్చు. పెద్ద విషయం ఎంచుకోకండి. "మా వార్డులో జ్వరంతో చేరిన పిల్లల్లో యాంటీబయాటిక్ పడకముందు కల్చర్ తీసింది ఎంతమందికి?" అన్న ప్రశ్న చాలు. జవాబు చూసి మీరే ఆశ్చర్యపోతారు.

హౌస్ సర్జన్సీలో పిల్లల విభాగానికి దొరికేది కొద్ది వారాలే. ఆ వారాల్లో పసిపిల్లల నరం దొరకబుచ్చుకోవడం, నడుంనీరు తీయడం నేర్చుకోండి. ఇంకొక మాట. వార్డులో అడుగుపెట్టకముందే హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకోండి. తట్టు, ఆటలమ్మ మీకు వచ్చాయో లేదో మీ అమ్మనడిగి తెలుసుకోండి.

ఎండీ పీడియాట్రిక్స్

అంటురోగాల నిపుణుడు కావాలంటే ముందు మంచి పిల్లల డాక్టరు కావాలి, దీనికి అడ్డదారి లేదు. నీట్ పీజీ రాసి ఎండీలో గానీ దానికి సమానమైన డీఎన్‌బీలో గానీ చేరాలి, రెండూ మూడేళ్ళే. ప్రభుత్వ పీజీ సీట్లలో సగం అఖిల భారత కోటావి కాబట్టి బయటి రాష్ట్రాలు కూడా చూసుకోండి. మద్రాసు మనకు పక్కిల్లు. ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికి నెల్లూరు నుంచి రైలెక్కి వెళ్ళే తల్లులు ఎందరో, అక్కడ చదివితే మన పిల్లలే మీకు ఎదురొస్తారు. సీటు తీసుకునే ముందు, చదువయ్యాక ఎన్నాళ్ళు పనిచేయాలో చెప్పే బాండు కాగితం చివరిదాకా చదవండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు పేరుతోపాటు మూడు సంగతులు సీనియర్లను అడగండి: కల్చర్ రిపోర్టు ఎన్ని రోజులకు వస్తుంది, నవజాత శిశువుల ఐసీయూ ఎంత పెద్దది, మైక్రోబయాలజీ వాళ్ళు వార్డుకు వస్తారా.

థీసిస్ తప్పనిసరి. విషయం మీ జిల్లాలో దొరికేదే పెట్టుకోండి: స్క్రబ్ టైఫస్, డెంగీ, నవజాత శిశువుల సెప్సిస్, పిల్లల క్షయ. మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేసే డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ కూడా ఇప్పుడు పీజీలందరికీ ఉంది. చాలామంది దాన్ని పరీక్షకు చదువుకునే సెలవుగా వాడుకుంటారు. నా మాట వినండి, ఆ మూడు నెలల్లో జబ్బుల మీద నిఘా పెట్టే ఐడీఎస్‌పీ విభాగంలో కూర్చోండి. ఏ ఊళ్ళో ఎన్ని విరేచనాల కేసులు, ఏ పీహెచ్‌సీ నుంచి ఎన్ని జ్వరాలు అన్న లెక్క అక్కడికి చేరుతుంది. ఒక ఊరి పేరు మూడు రోజులు వరసగా కనిపిస్తే ఏం చేస్తారో చూడండి.

ఆ తర్వాత మూడు దారులు

ఒకటి, డీఎం ఇన్ఫెక్షియస్ డిసీజెస్. ఇది ప్రధానంగా పెద్దల జబ్బుల వైపు నడిచే కోర్సు, అయినా పీడియాట్రిక్స్ ఎండీ చేసినవాళ్ళకూ అర్హత ఉంది. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, వెల్లూరు సీఎంసీల్లో ఈ డీఎం ఉంది. ఎయిమ్స్, పీజీఐ లాంటి వాటికి ఐఎన్ఐ ఎస్ఎస్ పరీక్ష, మిగతా వాటికి నీట్ ఎస్ఎస్. మీ ఎండీతో ఏ గ్రూపు పేపరు రాయాలో ఆ ఏడాది బులెటిన్ తెరిచి చూసుకోండి, ఎవరో చెప్పిన మాట మీద ఫీజు కట్టొద్దు. ఇందులో చేరితే వార్డులో సగం మంది రోగులు మీ నాన్న వయసు వాళ్ళు ఉంటారు. దానివల్ల నష్టం లేదు. హెచ్ఐవీ, ఫంగస్, మార్పిడి చేసిన కిడ్నీకి వచ్చే ఇన్ఫెక్షన్లు పెద్దల్లో ఎక్కువ చూస్తారు, ఆ చూపు పిల్లల దగ్గరికి తెచ్చుకోవచ్చు.

రెండు, పిల్లలకే పరిమితమైన ఫెలోషిప్. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్‌కు అంటురోగాల విభాగం ఉంది, దాని ఫెలోషిప్ ఎండీ తర్వాత పెద్ద ఆసుపత్రుల్లో చేయొచ్చు. డీఎం అంత బరువు కాగితానికి ఉండదు. కానీ రోజంతా చూసేది పిల్లల్నే. మనింటి పరిస్థితి మూడేళ్ళు ఆగనివ్వకపోతే ఇదే మేలైన దారి అని నా అభిప్రాయం.

మూడు, విదేశం. అమెరికాలో లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ దాటి, మూడేళ్ళు పీడియాట్రిక్స్ రెసిడెన్సీ మళ్ళీ మొదటి నుంచి చేసి, ఆపై మూడేళ్ళు పీడియాట్రిక్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ ఫెలోషిప్ చేయాలి. ఇక్కడి ఎండీ అక్కడ లెక్కలోకి రాదు. ఆ ఫెలోషిప్ సీట్లు ఏటా చాలా ఖాళీగా మిగిలిపోతాయి, ఎందుకంటే అక్కడ కూడా ఈ శాఖలో సంపాదన మిగతా శాఖలంత ఉండదు. బ్రిటన్‌లో పిల్లల డాక్టర్ల పరీక్ష ఎంఆర్‌సీపీసీహెచ్ పూర్తి చేసి, పిల్లల ఇమ్యునాలజీ, అంటురోగాలు, అలర్జీ కలిపిన ఉపశాఖలో శిక్షణ తీసుకోవాలి. వెళ్ళేవాళ్ళను ఆపను. స్క్రబ్ టైఫస్ పెచ్చు చూసిన కన్ను మాత్రం అక్కడ ఎవరికీ సులభంగా దొరకదు, అది మీకు ఇక్కడే వస్తుంది.

ఇంకో పక్కదారి కూడా ఉంది: జబ్బులు జనంలో ఎలా పాకుతాయో చదివే ఎపిడెమియాలజీ. ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్‌సీడీసీ) నడిపే రెండేళ్ళ ఇండియా ఈఐఎస్ శిక్షణలో చేరితే జబ్బు ప్రబలిన చోటికల్లా మిమ్మల్ని పంపుతారు. చెన్నైలో ఐసీఎంఆర్ వారి జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఉంది.

అడగడం

కాలేజీలో నేర్పనిది ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను. జ్వరం వచ్చిన ప్రతి బిడ్డ ఒక ఊరి నుంచి, ఒక ఇంటి నుంచి, ఒక పని నుంచి వస్తుంది. కేసు షీటులో "జ్వరం ఆరు రోజులు" అని రాసి ఊరుకుంటే మీ దగ్గర ఏమీ లేనట్టే.

నేను అడిగే ప్రశ్నలు ఇవి. ఇంట్లో జీవాలున్నాయా? ఉంటే పాలు కాచి తాగుతారా, పచ్చిగానా? మేకలు ఈ మధ్య ఈచుకుపోయాయా, అంటే కడుపు పోయిందా? నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, మోకాలి నొప్పి ఉన్న పిల్లాడిని టీబీ అనో కీళ్ళవాతం అనో తిప్పుతుంటారు, చివరికి అది బ్రూసెల్లోసిస్ అని తేలుతుంది. మేకల కాపరి ఇంటి పిల్లాడికి ఆ ఒక్క ప్రశ్న వేయకపోవడం వల్లే ఆ ఆలస్యం. పొలం గట్ల మీద, పొదల్లో, కట్టెలకు తిరిగారా? అయితే స్క్రబ్ టైఫస్ పురుగు గుర్తుకు రావాలి. కొత్తగా దమ్ము చేసిన మడిలో దిగారా, ఎలుకలు ఎక్కువున్నాయా? ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్, తడి మట్టి నుంచి వచ్చే మెలియాయిడోసిస్ గుర్తుకు రావాలి. కుక్క గీరిందా? నెత్తురు రాని గీరుడును తల్లిదండ్రులు చెప్పరు, మీరే అడగాలి. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటిన దగ్గు ఉందా? "లేదు సార్" అంటారు. "తాతకు?" అని పేరుపెట్టి అడగండి. "తాతకు ఎప్పుడూ ఉండేదే కద సార్" అంటారు. పిల్లల క్షయ సగం కేసుల్లో ఈ తాత దగ్గరే దొరుకుతుంది నాకు.

కోళ్ళ గురించి కూడా అడగండి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చింది. 2025 మార్చిలో ప్రకాశానికి ఆనుకొని ఉన్న పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప హెచ్5ఎన్1 వైరస్‌తో చనిపోయింది, పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకున్నట్టు ఇంటివాళ్ళు చెప్పారు. ఊళ్ళో కోళ్ళు చచ్చాయా అన్న ప్రశ్నకు ఐదు సెకన్లు కూడా పట్టదు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చిలో తేలింది కూడా నెల్లూరులోనే, ఇటలీ నుంచి వచ్చిన యువకుడిలో. ప్రయాణం అడగడం అందుకే. మీ ఊరు చిన్నదని జబ్బు దూరంగా ఉండదు.

భాష కూడా నేర్చుకోండి. "అమ్మవారు పోసింది" అంటే ఆటలమ్మ కావచ్చు, తట్టు కావచ్చు. "కోరింత దగ్గు" అన్న మాట ముసలమ్మ నోట వస్తే తేలిగ్గా తీసుకోవద్దు, ఆమె తన కాలంలో నిజమైన కోరింత దగ్గును చూసి ఉంటుంది. వేపాకు కట్టిన గుమ్మం చూసి విసుక్కోకండి. "అమ్మా, వేపాకు ఉంచండి, బిడ్డకు నీళ్ళు మాత్రం ఎక్కువ తాపండి, ఆయాసమొస్తే ఆ క్షణమే తీసుకురండి" అంటే వింటారు.

అడగడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ముజఫర్‌పూర్ చాలు. బీహార్‌లో ఏటా ఎండాకాలంలో పిల్లలు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి చనిపోయేవారు. అందరూ మెదడువాపు వైరస్ కోసం వెతికారు. వెల్లూరు సీఎంసీలో పిల్లల డాక్టరుగా ఉంటూ వైరాలజీ విభాగాన్ని నిర్మించిన టి. జాకబ్ జాన్, ఇంకొందరు వేరే ప్రశ్నలు అడిగారు: రాత్రి అన్నం తిన్నారా? తోటల్లో ఏం తిన్నారు? అది ఇన్ఫెక్షనే కాదని, సరిగా తిండి లేని పిల్లలు లిచీ పండ్లు తిని రాత్రి పస్తు పడుకుంటే రక్తంలో చక్కెర పడిపోతోందని తేలింది. అంటురోగాల డాక్టరు చేయగలిగిన గొప్ప పనుల్లో "ఇది అంటురోగం కాదు" అని చెప్పడం కూడా ఒకటి. అన్నిసార్లూ జవాబు ఇంత తేటగా దొరకదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్లో మెదడువాపు ప్రబలి 329 మందికి సోకి 183 మంది చనిపోయారు. చాందీపురా వైరస్ అని పుణె శాస్త్రవేత్తలు గుర్తించారు. దాని మీద వాదోపవాదాలు చాలాకాలం నడిచాయి. ఆ సంఖ్య చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ల్యాబ్

విడాల్ ఒక్కసారి పాజిటివ్ రావడం టైఫాయిడ్‌కు రుజువు కాదు. టైఫాయిడ్ తిరుగుతూ ఉండే మన ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలోనూ ఆ యాంటీబాడీలు ఉంటాయి. మొదటి వారంలో, మందు పడకముందు తీసిన బ్లడ్ కల్చర్‌కు ఉన్న విలువ దానికి లేదు. డెంగీలో ప్లేట్‌లెట్ల సంఖ్య మీద ఊరంతా కళ్ళు పెట్టుకొని ఉంటుంది. మీరు చూడాల్సింది రక్తం చిక్కదనం చెప్పే హెమటోక్రిట్, మూత్రం, బిడ్డ చేతుల చల్లదనం. అసలు ప్రమాదం జ్వరం దిగినప్పుడే వస్తుంది. "జరం తగ్గింది కద సార్, ఇంటికి పోతాం" అనే తల్లిని ఆ రోజు ఎలాగైనా ఆపాలి.

చిన్నపిల్లలు కఫం ఉమ్మలేరు. క్షయ అనుమానిస్తే తెల్లారి పరగడుపున ముక్కు గొట్టం ద్వారా కడుపులోని ద్రవం తీసి, క్షయ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకు పంపాలి. హెచ్ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు ఆరు వారాలప్పుడు మడమ నుంచి నెత్తుటి చుక్కలు కాగితం మీద పట్టి పంపాలి. యాంటీబాడీ పరీక్ష చేస్తే తల్లివే కనిపిస్తాయి. ఈ పనులు మీ చేత్తో మీరు చేయండి. నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో కొన్ని రోజులు కూర్చుంటే, మందు మానేసిన పదహారేళ్ళ పిల్లాడితో ఎలా మాట్లాడాలో అక్కడి కౌన్సెలర్లు మీకు నేర్పుతారు.

మందు ఆపడం

యాంటీబయాటిక్ రాయడం ఎవరైనా నేర్చుకుంటారు. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలే పెట్టకూడదో తెలియడం మన శాఖ. డబ్ల్యూహెచ్ఓ 2017లో యాంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా విడదీసింది: ముందుగా వాడదగినవి, ఆచితూచి వాడాల్సినవి, చివరికి దాచుకోవాల్సినవి. అమాక్సిసిలిన్ మొదటి దాంట్లో ఉంది, సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ రెండో దాంట్లో, కొలిస్టిన్ మూడో దాంట్లో. ఆ పట్టిక అచ్చు తీసి మీ వార్డు గోడకు అంటించండి. 48 గంటలకు కల్చర్ చూసి మందు తగ్గించాలా, ఆపాలా, మార్చాలా అని ప్రతి బిడ్డకూ రోజూ అడగండి. మొదట్లో సీనియర్లు విసుక్కుంటారు. నన్నూ విసుక్కున్నారు. నెలలు గడిచాక వాళ్ళే "దీన్ని ఆపొచ్చంటావా?" అని అడగడం మొదలుపెట్టారు.

మన మొలతాడు పిల్లాడికి ఆరు రోజుల సెఫ్ట్రియాక్సోన్ ఎందుకు పనిచేయలేదో కూడా తెలుసుకోండి. స్క్రబ్ టైఫస్ క్రిమి కణం లోపల దాక్కుంటుంది, ఆ జాతి మందులు దాన్ని తాకలేవు. టెట్రాసైక్లిన్ కుటుంబం తాకుతుంది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది, అది పుట్టిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపించింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. వార్డులో డాక్సీసైక్లిన్ రాసే ప్రతిసారీ నేను ఆయన్ని తలుచుకుంటాను.

తిరిగొచ్చాక

డీఎం బోర్డు పెట్టుకొని ఒంగోలులోనో నెల్లూరులోనో కూర్చుంటే మొదటి ఏడాది అంటురోగాల కేసులే మీ దగ్గరికి రావు. మామూలు పిల్లల ఓపీ చూడాల్సి ఉంటుంది, చూడండి. మెడికల్ కాలేజీలో అధ్యాపకుడిగా చేరడం ఒక పద్ధతి. రెండు మూడు ప్రైవేటు ఆసుపత్రుల పిల్లల ఐసీయూలకు పిలుపు మీద వెళ్ళడం ఇంకో పద్ధతి. డబ్ల్యూహెచ్ఓ సర్వైలెన్స్ మెడికల్ ఆఫీసరుగా చేరి కాళ్ళు చచ్చుబడ్డ పిల్లలను, తట్టు అనుమానితులను వెతుక్కుంటూ తిరగడం మరొకటి. హైదరాబాద్ టీకా కంపెనీల్లో, పరిశోధన సంస్థల్లో కూడా చోటుంది. హైదరాబాద్‌లో తయారైన రోటావైరస్ టీకాను 2016లో దేశంలో మొట్టమొదట వేసిన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. సంపాదన గురించి దాచకుండా చెబుతాను: ప్రొసీజర్లు లేని శాఖ ఇది, గుండె డాక్టరుతో పోల్చుకుంటే బాధే మిగులుతుంది. ఇల్లు గడుస్తుంది, గౌరవంగా గడుస్తుంది.

వచ్చిన మొదటి నెలలో కొన్ని పనులు చేయండి. ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టు ఫోను నంబరు, వాళ్ళ దగ్గర మీ నంబరు ఉండాలి. కల్చర్‌లో ఏదైనా పెరిగితే రిపోర్టు అచ్చయ్యేదాకా ఆగకుండా వాళ్ళు మీకు ఫోను చేయాలి. చుట్టుపక్కల ఆర్ఎంపీలతో తగువు పెట్టుకోకండి. మీ దగ్గరికి వచ్చే ప్రతి బిడ్డా ముందు వాళ్ళ గడప తొక్కే వస్తుంది. "మూడో రోజుకు జ్వరం దిగకపోతే నాకు పంపు, బిడ్డ ఒళ్ళంతా బట్టలు తీసి చూడు" అని చెప్పి, పెచ్చు ఫొటో ఒకటి వాట్సాప్‌లో పంపండి. నాకు అలా పంపిన వాళ్ళలో ఒకాయన యర్రగొండపాలెం వైపు నుంచి ఇప్పటికి నలుగురు పిల్లలను సమయానికి పంపాడు.

డిశ్చార్జి కాగితం మీద జబ్బు పేరు, వాడిన మందు, ఎన్ని రోజులు వాడారో తెలుగులో కూడా రాయండి, పెద్ద అక్షరాలతో. వలస వెళ్ళే కుటుంబమైతే ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, టీకా కార్డుతో కలిపి, తల్లి చేతికే ఇవ్వండి. కింద ఇంకో వాక్యం చేర్చండి: "మళ్ళీ జ్వరం వస్తే సూది వేయించకముందు ఈ కాగితం చూపించండి."